ఆటలో తీర్పు

సాయంకాలము బడిగంట మ్రోగినంతనే తెనాలిలోను, బాపట్లలోను, రేపల్లెలోను ఆటస్థలములు మేల్కొనును. ఒక మూల కబడ్డీ కూత వినవచ్చును. మరియొక మూల ఉన్నిబంతితో బాల్ బ్యాడ్మింటన్ సాగుచుండును. ఇంకొక ప్రక్క రెండు స్తంభముల నడుమ వల బిగించి బాలురు వాలీబాల్ ఆడుచుందురు. బాపట్లకు సముద్రము దగ్గర. ప్రొద్దు వాలువేళకు అచ్చట గాలి వీచును. ఈకల షటిల్ ఆ గాలికి దారి తప్పును. కావున ఆరుబయట బంతియాటలే అనుకూలములు.

ఇట్టి ఆటస్థలమొకదానిలో తెనాలి జట్టును రేపల్లె జట్టును వాలీబాల్ పోటీలో తలపడినవని అనుకొందము. రేపల్లెకు 24 పాయింట్లు, తెనాలికి 23. ఇంకొక్క పాయింటు వచ్చినచో గెలుపు రేపల్లెది. తెనాలి బాలుడు ఎగిరి బంతిని బలముగా కొట్టెను. రేపల్లె బాలుడు రెండు చేతులు పైకెత్తి అడ్డగింపబోయెను. బంతి అతని చిటికెనవ్రేలి కొనను తాకీ తాకనట్లు తాకి, వెనుకనున్న సున్నపు గీతను దాటి పడెను. వ్రేలిని తాకినచో పాయింటు తెనాలిది, తాకనిచో రేపల్లెది. వలయొద్ద నున్న రిఫరీ ఆ తాకుడును గమనింపలేదు. బంతి బయట పడినదని ఈల వేసి, పాయింటు రేపల్లెకు ఇచ్చెను. చుట్టును నిలిచి చూచినవారు వందమంది. నిజమెరిగినవాడు ఒక్కడే. అతడు ఆ చిటికెనవ్రేలు గల బాలుడు.

ఇప్పుడా బాలుడు ఏమి చేయవలెను? ఊరక యుండవలెనా, చేయెత్తి తనను బంతి తాకినదని చెప్పవలెనా? ఈ ప్రశ్న చిన్నదిగా కనబడును. కాని ప్రపంచ ప్రఖ్యాతి గాంచిన ఆటగాండ్రును, కోట్ల వ్యయముతో నిర్మింపబడిన క్రీడామందిరములును, క్షణములో దృశ్యమును మరల చూపు యంత్రములును దీనినుండి తప్పించుకొనలేకున్నవి.

ప్రతి ఆటయు మూడు ఆధారములపై నిలిచియుండును. మొదటిది నియమము. రెండవది నియమమును అమలు జరుపు తీర్పరి. మూడవది ఆ తీర్పునకు లోబడి ఆడు ఆటగాడు. చదరంగములో తీర్పరికి పని తక్కువ. జరిపిన పావు జరిపినచోటనే యుండును. ఎవరైనను మరల చూడవచ్చును. బంతియు, షటిలును అట్లు నిలువవు. అవి రెప్పపాటులో వచ్చి రెప్పపాటులో పోవును. న్యాయస్థానమందలి న్యాయాధిపతి సాక్షుల మాటలు విని, కాగితములు చదివి, వాయిదా వేసి, మరియొకనాడు తీర్పు చెప్పవచ్చును. రిఫరీకి వాయిదా లేదు. చూచుట, నిశ్చయించుట, చెప్పుట అను మూడు పనులును అతడు ఒక్క క్షణములో ముగింపవలెను.

ఆ క్షణమెంత చిన్నదో లెక్క వేసి చూడవచ్చును. కోనసీమలోని అమలాపురమునకు చెందిన సాత్విక్‌సాయిరాజ్ రంకిరెడ్డి 2023 ఏప్రిల్‌లో జపానులో జరిగిన వేగపరీక్షలో షటిల్‌ను గంటకు 565 కిలోమీటర్ల వేగముతో కొట్టెను. అది ఆనాడు ప్రపంచ రికార్డుగా నమోదయ్యెను. గంటకు 565 కిలోమీటర్లనగా సెకనుకు సుమారు 157 మీటర్లు. బ్యాడ్మింటన్ కోర్టు పొడవు 13.40 మీటర్లు. రాకెట్టును విడిచినప్పటి వేగమే నిలిచియుండినచో, షటిల్ కోర్టు ఈ కొననుండి ఆ కొనకు చేరుటకు సెకనులో పదవవంతు కూడ పట్టదు. షటిల్‌కు గల 16 ఈకలు గాలిని అడ్డుకొనుటచే దాని వేగము త్వరగా తగ్గిపోవును. అయినను గీతయొద్ద కూర్చుండు లైన్ జడ్జి కంటికి దొరకు అవకాశము మిక్కిలి స్వల్పము. గీత వెడల్పు 40 మిల్లీమీటర్లు. షటిల్ దానిని ఏ మాత్రము తాకినను లోపల పడినట్లే. వెండ్రుకవాసి దూరమున పడినను బయట పడినట్లే.

వేగమొక్కటియే కాదు, చూచెడి చోటు కూడ కంటిని మోసగించును. ఎదురుగా ఆటగాని కాలు అడ్డు వచ్చినచో గీత కనబడదు. ప్రక్కనుండి చూచినవానికి బయట పడినట్లు తోచినది, గీత వెంబడి చూచినవానికి లోపల పడినట్లు తోచును. ఇద్దరును అబద్ధమాడుట లేదు. ఇద్దరును తాము చూచినదే చెప్పుచున్నారు. రిఫరీ పొరపాటు పడినంతమాత్రమున అతడు పక్షపాతియని తలచుట తగదనుటకు ఇదియే కారణము.

కంటికి గల ఈ లోపమును తీర్చుటకు యంత్రము వచ్చెను. 1963 డిసెంబరు 7వ తేదీన అమెరికాలో సైనిక విద్యాలయపు జట్టునకును, నౌకాదళ విద్యాలయపు జట్టునకును ఆ దేశపు ఫుట్‌బాల్ పోటీ జరిగెను. టోనీ వెర్నా అను టెలివిజన్ దర్శకుడు అందలి ఒక ఘట్టమును అయస్కాంతపు టేపుపై పట్టి, అది ముగిసినంతనే మరల చూపెను. అట్టి వింతను ప్రేక్షకులెన్నడును ఎరుగరు. జట్టు మరియొకసారి పాయింట్లు గెలిచినదని వారు భ్రమపడకుండుటకై, ఇది క్రొత్తగా జరిగినది కాదని వ్యాఖ్యాత హెచ్చరింపవలసి వచ్చెను. దీనినే రీప్లే అందురు. మొదట అది చూచువారి వేడుకకే ఉపయోగపడెను. తీర్పుతో దానికి సంబంధము లేకుండెను.

క్రమముగా రీప్లే తీర్పరికి సహాయముగా వచ్చెను. 1992 నవంబరులో దక్షిణాఫ్రికాలోని డర్బను నగరమున జరిగిన క్రికెట్ టెస్టులో, మైదానమునకు వెలుపల కూర్చున్న మూడవ అంపైరు టెలివిజన్ దృశ్యము చూచి తీర్పు చెప్పు పద్ధతి ప్రారంభమయ్యెను. అట్లు రనౌటుగా నిర్ణయింపబడిన మొదటి ఆటగాడు సచిన్ టెండుల్కర్. 2008లో భారత, శ్రీలంక జట్లు ఆడిన టెస్టులలో, అంపైరు తీర్పును పునఃపరిశీలింపుమని ఆటగాండ్రే కోరు పద్ధతిని పరీక్షించి చూచిరి. 2014 నుండి పెద్ద బ్యాడ్మింటన్ పోటీలలో గీతల తగవులకు ఇట్టి పద్ధతి వాడుకలోనికి వచ్చెను.

సాధారణమైన టెలివిజన్ కెమెరా సెకనుకు 25 చిత్రములను పట్టును. సెకనుకు 157 మీటర్ల వేగముతో పోవు వస్తువు ఒక చిత్రమునకును, తరువాతి చిత్రమునకును నడుమ ఆరు మీటర్లకు పైగా సాగిపోవును. కావున ఇంకను వేగముగా చిత్రములను పట్టు కెమెరాలు కావలెను. అవియును ఒకటి చాలదు. పొలమును కొలుచువాడు రెండు చోట్లనుండి కోణములు తీసి దూరముననున్న చెట్టు ఎచ్చట నున్నదో లెక్కకట్టునట్లు, కోర్టుచుట్టు నమర్చిన అనేక కెమెరాలు చూచిన కోణములను కలిపి, షటిల్ పడిన చోటును కంప్యూటరు లెక్కకట్టును. మనకు తెరపై కనబడు బొమ్మ చాలవరకు ఆ లెక్కకు రూపమే గాని ఫోటో కాదు.

ఈ సహాయమును కోరుటకును ఒక హద్దు కలదు. బ్యాడ్మింటన్‌లో ఒక్కొక్క పోటీయందు ఆటగానికి రెండు సవాళ్లు ఉండును. సవాలు నెగ్గినచో ఆ హక్కు తరుగదు. ఓడినచో ఒకటి తరిగిపోవును. ప్రతి పాయింటునకును సవాలు చేయనిచ్చినచో ఆట సాగదు. అలసిన ఆటగాడు విశ్రాంతికొరకును, ఎదుటివాని ఊపు తగ్గించుటకొరకును దానిని సాధనముగా వాడుకొనును. నియమము చేసినవారు మనుష్యుని స్వభావము నెరిగియే ఈ హద్దు పెట్టిరి.

యంత్రమునకు అందని ఆటలును కలవు. బిలియర్డ్స్, స్నూకర్, పూల్ అనునవి పచ్చని గుడ్డ పరచిన బల్లపై క్యూ కర్రతో బంతులను కొట్టి ఆడు ఆటలు. వీనిలో స్నూకర్ మన దేశములోనే, జబల్పూరులోని సైనికాధికారుల నడుమ 1875లో పుట్టినదని చెప్పుదురు. పూల్ ఆటను వృత్తిగా స్వీకరించి దేశదేశములు తిరిగి ఆడువారు నేడనేకులు కలరు. వారాడు తొమ్మిది బంతుల ఆటలో తెల్లబంతి, బల్లమీద నున్న బంతులలో అన్నిటికంటె చిన్న అంకె గలదానిని మొదట తాకవలెను. వేరొకదానిని మొదట తాకినచో అది ఫౌల్. రెండు బంతులు దగ్గరగా నున్నప్పుడు తెల్లబంతి ఏది ముందు తాకినదో చెప్పుట ఎంత కష్టమో ఊహింపవచ్చును.

అంతకంటె కష్టమైనది మరియొకటి కలదు. తెల్లబంతియు, కొట్టవలసిన బంతియు ఒకదాని కొకటి అతి సమీపముగా నున్నప్పుడు, కర్రకొన తెల్లబంతిని ఒకసారి తాకుటకు బదులు వెంటవెంటనే రెండుసార్లు తాకవచ్చును. ఇదియు ఫౌలే. ఈ రెండు తాకుడుల నడుమ కాలము ఎంత స్వల్పమనగా, సాధారణమైన రీప్లే దానిని చూపజాలదు. అనుభవముగల రిఫరీ దెబ్బను చూచి తృప్తిపడడు. దాని ఫలితమును చూచును. ముందరి బంతికి తన వేగమునిచ్చిన తెల్లబంతి ఒక్క క్షణమైనను వెనుకబడవలెను. అట్లు గాక అది ముందరి బంతి వెంటనే అంతే వేగముతో పరుగెత్తినచో, కర్ర దానిని మరల నెట్టినదని అతడు గ్రహించును. పొగను చూచి నిప్పును ఊహించినట్లు, ఇచ్చట నడకను చూచి దెబ్బను ఊహింపవలెను.

పూల్ పోటీలలో అనేక బల్లలపై ఆటలు ఒక్కసారిగా సాగుచుండును. ప్రతి బల్లయొద్దను రిఫరీ నిలిచియుండుట సాధ్యము కాదు. అందుచే సందేహమునకు తావిచ్చు దెబ్బ రాబోవుచున్నదని తోచినప్పుడు, కొట్టుటకు ముందే రిఫరీని పిలిచి దగ్గర నిలిచి చూడుమని కోరుట మర్యాద. ఫౌల్ జరిగినచో తరువాతి దెబ్బకు ముందే చెప్పవలెను. అది దాటినచో ఫౌల్ జరుగనట్లే లెక్క. రిఫరీ లేనిచోట తన ఫౌలును తానే చెప్పుకొను ఆటగానిని తోటివారు గౌరవింతురు. స్నూకర్‌లో ఈ ఆచారము మరింత గట్టిది. తన చొక్కా చేయి బంతిని తాకినను, రిఫరీ గమనింపకపోయినను, ఆటగాడు తానే బల్లనుండి వెనుకకు తొలగి, తన తప్పును చెప్పుకొనును.

కెమెరా ఉన్నంతమాత్రమున న్యాయము జరుగునా? ఈ ప్రశ్నకు తెలుగువారు ఎరిగిన ఒక ఉదంతము సమాధానము చెప్పుచున్నది. హైదరాబాదుకు చెందిన పి. వి. సింధు 2016లో రియో ఒలింపిక్స్‌లో రజత పతకమును, 2019లో ప్రపంచ విజేత పదవిని, 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో కాంస్య పతకమును సాధించిన క్రీడాకారిణి. 2022 ఏప్రిల్ 30వ తేదీన ఫిలిప్పీన్స్ రాజధాని మనీలాలో, ఆసియా బ్యాడ్మింటన్ పోటీల సెమీఫైనలులో ఆమె జపాను దేశపు అకానె యమగూచితో తలపడెను. మొదటి గేమును సింధు 21-13తో గెలిచెను. రెండవ గేములో 14-11 ఆధిక్యములో నుండెను. ఆమె సర్వీసు చేయవలసియున్న సమయమున, చాల ఆలస్యము చేయుచున్నదని అంపైరు పలికి, దండనగా ఒక పాయింటును యమగూచికి ఇచ్చెను. లెక్క 14-12 అయ్యెను.

తాను కావలెనని ఆలస్యము చేయలేదనియు, ఎదుటి క్రీడాకారిణి ఇంకను సిద్ధముగా లేకుండుటచే ఆగితిననియు సింధు విన్నవించెను. అంపైరు వినలేదు. బ్యాడ్మింటన్‌లో కుర్చీపై కూర్చుండి ఒక్క ఆటను నడుపువాడు అంపైరు. పోటీలన్నిటికిని పైన బాధ్యత వహించువాడు రిఫరీ. సింధు రిఫరీకిని చెప్పుకొనెను. దండన మారలేదు. ఆట సాగెను. రెండవ గేము 19-21తోను, మూడవ గేము 16-21తోను ఆమె చేజారెను. ఫైనలునకు చేరవలసిన ఆశ కాంస్య పతకముతో ముగిసెను. ఆట ముగిసిన పిదప సింధు చెప్పిన మాటల సారము ఒక్కటే. రిఫరీ కనీసము జరిగినదానిని రీప్లేలో చూచి నిర్ణయింపవలసి యుండెనని ఆమె బాధపడెను.

ఇచ్చట నొక విషయమును జాగ్రత్తగా గమనింపవలెను. ఆ మందిరములో కెమెరాలు లేక కాదు. ఆ దృశ్యమును లోకమంతయు చూచెను. కాని బ్యాడ్మింటన్‌లో సవాలు పద్ధతి షటిల్ గీత లోపల పడినదా, బయట పడినదా అను ప్రశ్నకే ఏర్పడినది. ఎవరు సిద్ధముగా నుండిరి, ఎవరు ఆలస్యము చేసిరి అను ప్రశ్నను కెమెరా ముందర పెట్టు పద్ధతి లేదు. కెమెరా చూచెను, దానిని అడిగినవారు లేరు. అడుగని సాక్షి కన్నులారా చూచియు మూగయే.

సింధు తన ఫిర్యాదును క్రీడాసంస్థలకు తెలిపెను. రెండు నెలలు గడచెను. 2022 జూలైలో ఆసియా బ్యాడ్మింటన్ సంస్థ సాంకేతిక సంఘాధ్యక్షుని క్షమాపణ వెలువడెను. జరిగినది మానవ దోషమనియు, దానిని ఇప్పుడు సరిదిద్దు మార్గము లేదనియు, మరల జరుగకుండ చర్యలు తీసికొంటిమనియు దాని భావము. తప్పును ఒప్పుకొనుట గౌరవనీయమే. కాని పతకముల పట్టికలో ఒక్క అక్షరమును మారలేదు. జారిపోయిన 15వ పాయింటును తెచ్చి ఇచ్చువారెవ్వరు? ఆ ఒక్క పాయింటే ఓటమికి కారణమని చెప్పుట సాహసము. దండన తరువాతను సింధు ఆధిక్యములోనే యుండెను. అయినను గేము చేజారినది రెండు పాయింట్ల తేడాతో. నిండు పోటీలో మనస్సు కలత చెందినచో చేయి పట్టుతప్పుట ఆడినవారికందరికిని తెలియును. తీర్పు తప్పినప్పుడు నష్టపడునది ఒక్క పాయింటు కాదు, ఆటగాని నెమ్మది.

ఈ ఉదంతమునుండి నేర్వదగినవి రెండు కలవు. మొదటిది తీర్పరులకు సంబంధించినది. సందేహము కలిగినప్పుడు ఒక్క నిమిషము ఆగి విచారించుటచే తీర్పరి గౌరవము తగ్గదు. తన మాటయే చివరిమాట గనుకనే అతడు మరింత జాగరూకుడు కావలెను. రెండవది ఆటగాండ్రకు సంబంధించినది. తనకు అన్యాయము జరిగినదని నమ్మిన సింధు మొదట అంపైరును, పిమ్మట రిఫరీని అడిగెను. రాకెట్టు విసరి మధ్యలో వెడలిపోలేదు. ఆట ముగించి, ఫిర్యాదు చేసి, తిరిగి సాధనకు పూనుకొనెను. క్షమాపణ వెలువడిన ఆ జూలైలోనే సింగపూరు ఓపెను పోటీని, ఆగస్టులో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడలలో స్వర్ణ పతకమును గెలిచెను. తీర్పునకు లోబడుట వేరు, తీర్పు సరియైనదని ఒప్పుకొనుట వేరు. మొదటిది క్రమశిక్షణ, దానిని పాటించుచునే రెండవదానిని మర్యాదగా నిరాకరింపవచ్చును.

తప్పును సకాలములో దిద్దుట ఎట్లుండునో తెలిసికొనుటకు మరి కొంత వెనుకకు పోవలెను. 1980 ఫిబ్రవరిలో బొంబాయిలో భారత క్రికెట్ సంస్థ స్వర్ణోత్సవ టెస్టు జరిగెను. భారత జట్టు నాయకుడు గుండప్ప విశ్వనాథ్. ఇంగ్లండు జట్టు అయిదు వికెట్లు పోగొట్టుకొని కష్టములో నుండెను. అట్టి సమయమున బంతి బాబ్ టేలర్ బ్యాటును తాకి వికెట్‌కీపరు చేతిలో పడినదని అంపైరు అతనిని ఔటుగా ప్రకటించెను. టేలర్ తన బ్యాటు తగులలేదని తెలిసి తడబడుచు నిలిచెను. స్లిప్‌లో నిలిచియున్న విశ్వనాథ్ దానిని గమనించెను. బంతి తగులలేదని నమ్మి, అంపైరుతో మాటలాడి, టేలర్‌ను మరల ఆడుమని పిలిచెను. నాడు రీప్లే చూచి తీర్పు దిద్దు మూడవ అంపైరు లేడు. ఒక మనుష్యుని మనస్సాక్షియే ఆ పని చేసెను.

దాని ఫలితమేమి? టేలర్, ఇయాన్ బోథమ్ కలిసి 171 పరుగులు చేసిరి. ఇంగ్లండు పది వికెట్ల తేడాతో గెలిచెను. భారతదేశము ఓడెను. విశ్వనాథ్ చేసిన పని జట్టునకు నష్టము తెచ్చినదని అనువారు నాడును ఉండవచ్చును, నేడును ఉండవచ్చును. కాని క్రీడాధర్మము గెలుపును తెచ్చునని ఎవరును మాట ఇచ్చియుండలేదు. ఖర్చు లేని ధర్మమును అందరును చేయుదురు. నష్టము కనుల ముందర నున్నప్పుడు చేసినదే ధర్మమునకు గీటురాయి. ఆ టెస్టులో బోథమ్ నూరు పరుగులు దాటి, పదమూడు వికెట్లు పడగొట్టెను. అంతటి ఘనకార్యముతోపాటు, ఓడిన జట్టు నాయకుడు చేసిన పనిని కూడ జనులు నేటికిని చెప్పుకొనుచునే యున్నారు.

నేడు యంత్రములు నిండియున్న క్రీడామందిరములలో కూడ మనస్సాక్షికి చోటు కల్పించుటకు పెద్దలు ప్రయత్నించుచున్నారు. అంతర్జాతీయ వాలీబాల్ సంస్థ 2023లో నేషన్స్ లీగ్ పోటీలలో ఆకుపచ్చ కార్డును ప్రవేశపెట్టెను. పసుపు కార్డు హెచ్చరికకు, ఎరుపు కార్డు దండనకు గుర్తులు. ఆకుపచ్చ కార్డు మెప్పునకు గుర్తు. రీప్లే చూడకముందే తన తప్పును తాను ఒప్పుకొన్న ఆటగానికి రిఫరీ దానిని చూపును. ఇందు ధర్మము మాత్రమే కాక సౌకర్యము కూడ కలదు. యంత్రము వెదకి కనుగొనుటకు పట్టు కాలమును ఒక్క మాట మిగుల్చును. ఆటగాడు చేయెత్తినచో నిజము ఆ క్షణముననే తెలియును.

యంత్రము వలదని దీని భావము కాదు. కంటికందని వేగమును పట్టుటకు అది కావలెను. పక్షపాతమను అపవాదు నుండి తీర్పరిని కాపాడుటకును అది కావలెను. కాని యంత్రము తన ఎదుట నున్నదానినే చూచును. అడిగినదానికే సమాధానము చెప్పును. ఏమి అడుగవలెనో, ఎప్పుడు అడుగవలెనో మనుష్యుడే నిశ్చయింపవలెను. తీర్పరి అహంకారము విడిచి విచారింపవలెను. ఆటగాడు తనకు తెలిసిన నిజమును దాచక చెప్పవలెను. ఈ రెండును లేనిచో నూరు కెమెరాలున్నను మనీలాలో జరిగినది మరల జరుగును. ఈ రెండును కలిగినచో కెమెరా లేకున్నను బొంబాయిలో జరిగినది జరుగును.

ఇక మరల ఆ వాలీబాల్ పోటీకి పోదము. కృష్ణా డెల్టాలోని ఆ బడి ఆటస్థలమున కెమెరా లేదు, తెర లేదు, మూడవ అంపైరు లేడు. లెక్క రేపల్లె 24, తెనాలి 23. రిఫరీ ఈల వేసినాడు. రేపల్లె జట్టు సంతోషముతో కేకలు వేయుచున్నది. చిటికెనవ్రేలిని రెండవచేతితో పట్టుకొని ఒక బాలుడు మాత్రము కేక వేయక నిలిచియున్నాడు. అతడు చేయెత్తినచో లెక్క 24-24 అగును. తన జట్టు ఓడినను ఓడవచ్చును. తోటివారు ఆ సాయంకాలము అతనిపై కోపపడవచ్చును. తిరుగు రైలులో తెనాలికి పోవు బాలురు మాత్రము ఆ పోటీని గూర్చి మాటలాడుకొనునప్పుడు, ఎవరు గెలిచిరో చెప్పుటకు ముందు అతని మాటయే చెప్పుకొందురు. చేయెత్తకున్నచో గెలుపు రేపల్లెదే. ఎవరికిని తెలియదు, అతనికి తప్ప.

పెద్ద పోటీలలో ఆడు భాగ్యము కొందరికే లభించును. కెమెరాల ముందర ఆడువారు ఇంకను కొందరు. కాని చిటికెనవ్రేలికి మాత్రమే తెలిసిన నిజమును పలుకవలసిన క్షణము, బంతి పట్టిన ప్రతి బాలునికిని, ప్రతి బాలికకును ఏదో యొకనాడు వచ్చును. ఆ క్షణమున తీర్పు చెప్పువాడు రిఫరీ కాదు. ఆటగాడే.